కొండ కొసను వదిలేసే మనిషి

మా ముత్తాతగారు అప్పలనరసింహరాజుగారు. బొబ్బిలికి ఉత్తరాన పన్నెండు ఊళ్ళ మీద పెత్తనం ఆయనది. కలెక్టరు మకాం వేసినప్పుడు డేరాలో కుర్చీ వేయించుకుని కూర్చునే మర్యాద ఆ ప్రాంతంలో కొద్దిమందికే ఉండేది. అందులో మా వాళ్ళు ఒకరు. మా తాతగారు జగన్నాథరాజుగారి కాలానికి ఊళ్ళు తగ్గాయి గాని, కొండ పండుగనాడు మా గొడుగు పైకి వెళ్ళేదాకా ఇంకొకరు కాలు పెట్టే ఆచారం లేదు. మా కాగితాల్లో ఆ కొండ పేరు గొడుగుకొండ అని ఉండేది అందుకే. జమీందారీల రద్దులో ఊళ్ళు పోయాయి. దివాణం కూలింది, దాని కలప ఎవరెవరి ఇళ్ళకో దూలాలయింది. ఆ కొండా, దాని కింద మామిడితోటా మాత్రం పట్టాగా మిగిలాయి. మా నాన్నగారు గోపాలరాజుగారు భిలాయి వచ్చి ఉక్కు ప్లాంటు టైమాఫీసులో గుమాస్తాగా చేరారు. మొదట క్యాంప్ 1లో రేకుల ఇల్లు, తర్వాత సెక్టర్ 7లో క్వార్టరు. గుమాస్తాగిరీ చేసినా ఎవరి ముందూ వీపు వంచకుండా చేశారు. నేను అదే ప్లాంటులో ఇంజనీరుగా పనిచేసి అదే వీపుతో రిటైరయ్యాను.

గొప్ప చెప్పుకోవడానికి ఇదంతా రాయలేదు. నేను చెప్పబోయేది ఒక ఫోటోగ్రాఫరు గురించి. ఆయన భయపడ్డది కొండల్ని చూసి. ఆ కొండల్లో చివరిది మాది. అందుకని అది ఎవరిదో ముందు చెప్పవలసి వచ్చింది.

పోయిన నెల సెక్టర్ బజారులో పాలబూతు దగ్గర నిలబడి ఉంటే, బూతు నడిపే సాహు చెప్పాడు, ఫోటో భయ్యా పోయాడని.

"బేటా ఆయా హై నాగపూర్ సే. ఘర్ ఖాలీ కర్ రహా హై. డబ్బోం మే సిర్ఫ్ పహాడ్ నిక్లే, రాజుసాబ్. ఔర్ సర్ కిసీ కా నహీ."

కొడుకు వచ్చి ఇల్లు ఖాళీ చేస్తున్నాడట. డబ్బాల నిండా కొండలేనట, ఒక్కదానికీ తల లేదట. సాహు నవ్వుతూనే చెప్పాడు. నా చేతిలో పాలపాకెట్ల చల్లదనం మోచేతి దాకా పాకింది. రిటైరయ్యాక ఆయన తల ఉన్న కొండని ఒక్కసారే తీశాడు. ఆ ఫోటో నా దగ్గర ఉంది.

ఆయనది పలాస పక్క ఊరు. ప్లాంటు ఫోటో సెక్షన్లో పని. ఊళ్ళో హిందీవాళ్ళకి ఫోటో భయ్యా, మనవాళ్ళకి ఫోటో మావయ్య. తనని తాను మాత్రం "ఆర్టిస్టుని" అని పరిచయం చేసుకునేవాడు. వినయం అనేది ఆ మనిషిలో లేదు. మే నెల ఎండలో కూడా ఫెల్టు టోపీ పెట్టుకుని, చెమట కణతల మీంచి కారుతున్నా తీసేవాడు కాదు. ఆయన కెమెరాను ఇంకొకరు తాకితే ఆ పూట భోజనం సహించేది కాదు. టీ సాసర్లో పోసుకుని, మొదటి గుక్క చెట్టు మొదట్లో పారబోసి, మిగతాది తాగేవాడు. ఎందుకని అడిగితే, "మొదటి ప్రింటు ఎప్పుడూ పాడే, మొదటి గుక్కా అంతే" అనేవాడు.

ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని కాదు, గోడల్ని చూసేవాడు.

భిలాయి చదునైన నేల. ఎత్తుగా కనబడేవి చిమ్నీలూ, నీళ్ళ ట్యాంకులూ. అలాంటి ఊళ్ళో ఏ గుమ్మం తొక్కినా లోపల ఒక మంచుకొండ ఉంటుంది. కేలండరు మీదో, బీరువా పక్క పోస్టరు మీదో, ఇప్పుడైతే టీవీ తెర మీదో. క్యాంప్ 1లో పాత స్టూడియో ఒకటి ఉండేది. అందులో పరదా మీద మంచుకొండ, కింద సరస్సు, సరస్సులో హంస. ఇక్కడి తెలుగు జంటల్లో చాలామంది పెళ్ళయిన కొత్తలో ఆ కొండ ముందు బిగుసుకుని నిలబడ్డవాళ్ళే. మా ఆవిడా నేనూ కూడా నిలబడ్డాం. మంచు ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు.

"ఎందుకండీ మనవాళ్ళకి ఈ మంచు పిచ్చి?" అని ఒకసారి అడిగాను.

"షిఫ్టంతా ఫర్నేస్ ముందు నిలబడ్డోడు ఇంటికొచ్చి ఏటి చూడాలండీ మరి? ఇంకో ఫర్నేసా?" అన్నాడు.

అలా అన్న మనిషి మా హాల్లో మంచుకొండ పోస్టరుకి ఎప్పుడూ వీపు పెట్టి కూర్చునేవాడు. మొదటిసారి మా ఆవిడ గమనించి, "అన్నయ్యగారూ, ఫ్యాను ఇటు ఉంది. అటు తిరిగారేం?" అంది.

"అది కొస దాకా ఉందమ్మా. అటు చూడలేను."

ఆవిడ నవ్వబోయి, ఆయన మొహం చూసి మానేసింది. ఆ తర్వాత ఆయన గేటు తీస్తున్న చప్పుడు వినగానే పోస్టరు మీద తువ్వాలు వేసేది.

టౌన్‌షిప్‌లో ఏటా ఫోటోల పోటీ జరిగేది. జడ్జిగా ఆయన్ని పిలవక తప్పేది కాదు. పిలిస్తే గొడవ తప్పేది కాదు. ఒక ఏడు ఒక కొత్త ఇంజనీరు సెలవు పెట్టి హిమాలయాలకి నడిచి వెళ్ళి ఫోటో తీసుకొచ్చాడు. లోయంతా ఇంకా చీకటి, శిఖరం మీద మాత్రం ఎండ. అందరూ దాని ముందే మూగారు. ఆయన దానికి సున్నా వేసి, డాబా మీద ఎండబెట్టిన వడియాల ఫోటోకి మొదటి బహుమతి ఇచ్చాడు.

"సర్, ఇస్ మే కమీ క్యా హై?" అని ఇంజనీరు నిలదీశాడు.

"సబ్ దిఖ్ రహా హై. యహీ కమీ హై."

అంతా కనబడుతోంది, అదే లోపం అన్నమాట. అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆ ఇంజనీరూ నవ్వి, "పహాడ్ హై సర్, దిఖేగా హీ నా" అన్నాడు, కొండన్నాక కనబడదా అని.

"తుమ్ తో దేఖ్ కే ఆ గయే. తుమ్హారే పీఛే కౌన్ జాయేగా, సోచా?"

నువ్వు చూసి వచ్చేశావు, నీ వెనక ఎవడు వెళ్తాడో ఆలోచించావా అని. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ గొంతులో ఎగతాళి లేదు. మార్కుల కాగితం బల్ల మీద పెట్టి లేచాడు.

బయటికి వచ్చాక స్కూటరు దగ్గర నిలబడి నాతో అన్నాడు: "కొండ ఫోటో రెండిటికేనండీ బాబుగారూ. ఒకటి గోడకి, రెండు ఫైలుకి. మనం ఎప్పుడూ వెళ్ళని కొండ గోడకెక్కుతాది. మనం వెళ్ళగలిగిన కొండ ఫైలుకెక్కుతాది. ఆ కుర్రోడికి తేడా తెలీదు."

ఆయన సొంతంగా తీసిన కొండల్ని నేను చాలా చూశాను. మైకల్ వరసలు, అమర్‌కంటక్ దారి, రాయగడ వైపు కొండలు. అన్నిట్లోనూ కొస ఉండదు. కొమ్మ అడ్డం వస్తుంది, మబ్బు కప్పుతుంది, లేదా చట్రం పై అంచు కొండ మెడ దగ్గర ఆగిపోతుంది. బయట కొండ ఎదురైతే ఆయన ముందు అరచెయ్యి ఎత్తి కొసను మూసి, అప్పుడు మిగతాది చూసేవాడు. ఎదుటివాళ్ళకి దండం పెడుతున్నట్టు కనబడేది. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది.

కారణం ఆయన క్వార్టరు వెనక వరండాలో తెలిసింది. ఒక మధ్యాహ్నం వాన పడుతుంటే ఒక పాత అట్టపెట్టె దించాడు. ఉద్యోగంలో ఆయన అసలు పని అదట. మన ప్లాంటుకి ముడి ఖనిజం వచ్చే కొండకి ఎదురుగా ఒక ఎర్రరంగు మేకు పాతి ఉండేది. ప్రతి నెలా వెళ్ళి, సరిగ్గా ఆ మేకు మీదే కెమెరా నిలబెట్టి, పక్కన ఎరుపూ తెలుపూ పట్టీల కొలకర్ర పాతి, కొండని కొస నుంచి మొదలు దాకా నిండుగా తీయాలి. పని ఎంతవరకు వచ్చిందో ఫైల్లో చూసుకోవడానికి. ఎప్పుడు తీసినా ఒకే చోటు, ఒకే ఎత్తు. ఏళ్ళ తరబడి అంతే.

ఆ ప్రింట్లన్నీ పేకముక్కల్లా కట్టగా పట్టుకుని, బొటనవేలితో అంచు వదులుతూ గబగబా తిప్పాడు.

"చూడండి."

మొదట సాలచెట్లతో నిండుగా ఉన్న తల. తర్వాత మెడ చుట్టూ గీతలు. గీతలు మెట్లయ్యాయి. తల పోయింది, భుజాలు పోయాయి. వేలు ఆగలేదు. నిలబడ్డ మనిషిలా కొండ మోకాళ్ళు వంచి, నెమ్మదిగా, ఎవరో నెత్తిన చెయ్యి వేసి నొక్కుతున్నట్టు కింద కూర్చుంది.

"కూర్చుంటాంది చూశారా?" అన్నాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ కూర్చుంది.

నేను ప్లాంటు మనిషిని. ఆ ఖనిజంతో తయారైన పట్టాల మీదే దేశంలో రైళ్ళు తిరుగుతున్నాయని, మన ఇద్దరి జీతాలూ అందులోంచే వచ్చాయని చెప్పాను.

"తెలుసండీ. ఆ అన్నమే తిన్నాను. అందుకే కదా భయం" అన్నాడు. కట్టని పెట్టెలో పెడుతూ, వేళ్ళు లుంగీకి తుడుచుకున్నాడు. "నేను వెళ్ళి తీసినప్పుడల్లా ఇంకొంచెం కూర్చునేది. నేను తీయకపోతే ఆగుతాదేమో అని ఒక నెల జ్వరమని పడుకున్నాను. ఇంకోణ్ణి పంపారు."

ఆ మాట మీద నవ్వు రావాలి. నాకు రాలేదు. ఇంటికి వస్తూ దారిలో నీళ్ళ ట్యాంకుని చూసి, అది నిన్నటి ఎత్తే ఉందా అని ఆగి చూశాను. భయం అలా అంటుకుంటుంది.

కొన్నేళ్ళకి మా కొండ సంగతి వచ్చింది. గొడుగుకొండలో నాకొక వాటా, మా పెదనాన్నగారి కొడుకులు ముగ్గురికీ మూడు. వాళ్ళు విశాఖపట్నంలో అపార్ట్‌మెంట్లలో ఉంటారు. రాయి కొట్టి కంకర చేసేవాళ్ళు వాళ్ళ చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. పెద్దన్నయ్య ఫోను చేసి అడిగాడు. నేను కుదరదన్నాను. "నువ్వు కాదన్నంతకాలం మేమూ అమ్మం. నువ్వూ మాకు చెప్పకుండా అమ్మకు" అన్నాడు. సరేనన్నాను. ఆ మాట మీద కొండ నిలిచింది. కాని ఎన్నాళ్ళు నిలుస్తుందో అన్న భయం నాకు పట్టుకుంది. వాళ్ళ పిల్లలు ఆ కొండని చూడనైనా చూడలేదు.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. గొడుగుకొండని నిండుగా, రాజసంగా ఫోటో తీయించి, పెద్దగా వేయించి, ముగ్గురి హాళ్ళలోనూ గోడకి కొట్టించాలి. రోజూ గోడ మీద కనబడేదాన్ని అమ్ముకోవడానికి మనిషికి సిగ్గు వేస్తుంది.

ఫోటో మావయ్య వినగానే తల అడ్డంగా ఊపాడు. "అది గోడకెక్కే కొండ కాదండీ. మీరు నడిచి ఎక్కగలిగిన కొండ. దాని జోలికి కెమెరా పోకూడదు."

"కొస లేకుండా తీస్తే మా వాళ్ళకి అది ఏదో గుట్టలా ఉంటుంది. కొస కావాలి."

"తియ్యను."

"తియ్యలేకే కొసలు వదిలేస్తున్నారని అంటున్నారు."

"ఎవడు?"

"నేనే అంటున్నాను."

ఆయన టోపీని నుదుటి మీదికి లాక్కున్నాడు. "టికెట్లు తీయించండి" అన్నాడు.

దుర్గ్‌లో రైలెక్కాం. రాయగడ దాటాక కొండలు కిటికీకి దగ్గరగా వస్తాయి. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేజీ తిప్పడం నేను చూడలేదు.

మా కొండ కింద ఊరివాళ్ళు దాన్ని పేరుతో పిలవరు. "అవ్వ" అంటారు. అటు వేలు చూపించరు. చూపించాల్సి వస్తే అరచెయ్యి తెరిచి చూపిస్తారు. ఆ ఊళ్ళో ఎవరి ఫోనులో చూసినా పెళ్ళిళ్ళూ మేకలూ పిల్లలూ ఉంటాయి, కొండ ఉండదు. ఎదురుగా ఉన్న తల్లిని ఫోటో ఎందుకు తీసుకుంటారు?

మేం మామిడితోటలో దిగేసరికి ఒక ముసలావిడ మేకల్ని కొండ మీదికి తోలుతోంది. నన్ను చూసి కొంగు దించి దండం పెట్టింది. ఆయన టోపీని కాసేపు చూసింది.

"ఈ బాబెవులు బాబూ?"

"ఫోటో తీస్తారు."

"ఎవుల్ని?"

నేను కొండ వైపు తలెత్తాను. ఆవిడ కర్ర చంకలో పెట్టుకుని, "ఎందుకు బాబూ? ఎక్కడికైనా ఎల్లిపోతాదేటి?" అంది.

ఆయన తోటలో అటూ ఇటూ తిరిగాడు. అలవాటుగా అరచెయ్యి లేచేది, కొస మూసేది. తీసేవాడు, మళ్ళీ లేచేది. కెమెరా నిలబెట్టి, వంగి, మళ్ళీ ఎత్తేశాడు. నుదురు తుడుచుకున్నాడు.

"చెయ్యి రావట్లేదు బాబుగారూ. నిండు కొండని నా చేతికి ఒక్క పద్ధతిలోనే అలవాటు."

"ఆ పద్ధతిలోనే తీయండి" అన్నాను.

ఆయన సంచీలో అడుగున గుడ్డలో చుట్టినవి పైకి తీశాడు. ఇనప మేకు, సుత్తి, ఎర్రరంగు డబ్బా, ముక్కలుగా మడిచిన కొలకర్ర. వాటిని భిలాయి నుంచి మోసుకొచ్చాడని నాకు తెలియదు. చూశాక కూడా ఏమీ అనిపించలేదు. ప్లాంటులో పెరిగినవాళ్ళకి ఎర్రరంగు మేకు అంటే వాకిట్లో ముగ్గులాంటిది, కంటికి ఆనదు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మేకు కొట్టాడు. ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు కొండకి తగిలి తిరిగొచ్చింది. మేక మెడకి ఎర్రగుడ్డ కట్టినట్టు, మేకు తలకి రంగు వేశాడు. కొంత దూరంలో కొలకర్ర నిలబెట్టాడు. ఆ పనులన్నీ ఒక్కసారి కూడా తడుముకోకుండా చేశాడు.

తల ఎత్తేసరికి తోట గట్టు మీద జనం ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. కొండకి పూజ చేసే పెద్దాయన ముందుకొచ్చి, మేకుకి దూరంగా ఆగాడు.

"సర్వే అయిపోనాదేటి బాబూ?"

"సర్వే కాదు. ఫోటో."

"పోటోకి మేకెందుకు బాబూ?"

నా పక్కన ఆయన సుత్తి కింద పెట్టాడు. నేను మా తాతగారి కొండ కింద, మా తోటలో నిలబడి, మేకు ఎందుకు కొట్టించానో ఊరికి జవాబు చెప్పవలసిన స్థితిలో లేను. "నా నేల. నా ఇష్టం" అన్నాను.

పెద్దాయన కోప్పడలేదు. తల ఊపాడు. వెనక్కి తిరిగి ఎవరితోనో నెమ్మదిగా, "మేకల్ని దింపీండి" అన్నాడు. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి గట్టంతా పాకింది. ఆడవాళ్ళు నోటి దగ్గర చేతులు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. కొండ మీద ఎక్కడెక్కడి నుంచో మేకలు దిగసాగాయి. కట్టెలకి వెళ్ళిన మనుషులు మోపులు వదిలేసి దిగుతున్నారు. పరిగెత్తడం లేదు, కేకలు లేవు. మెడగంటల చప్పుడొక్కటే. ఇంకాసేపట్లో మందు పేలుస్తారని తెలిసినవాళ్ళలా కొండని ఖాళీ చేస్తున్నారు.

ఆయన అప్పుడు ఫోటో తీశాడు. ఎందుకు తీశాడో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మీట నొక్కిన చప్పుడు నాకు వినిపించింది. అరచెయ్యి మాత్రం లేవలేదు.

తర్వాత మేకు పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులతో అటూ ఇటూ ఊపాడు. సుత్తితో పక్కల నుంచి కొట్టాడు. వేళ్ళకి ఎర్రరంగు అంటింది. ముసలావిడ మేకల్ని తోలుకుంటూ మా పక్కనుంచే వెళ్ళింది. ఈసారి కొంగు దించలేదు, దండం పెట్టలేదు. "ఇంకేటి లాగుతావు బాబూ, దిగిపోనాది కదా" అని ఆయనతో అని వెళ్ళిపోయింది.

రైల్లో ఆయన వేళ్ళ మధ్య రంగుని గోరుతో గీరుతూ కూర్చున్నాడు. దుర్గ్ వచ్చేదాకా ఒక్కటే మాట: "కొండ నన్ను చూసిందండీ."

ప్రింటు తెచ్చి ఇచ్చిన రోజు ఆయన మా ఇంట్లో కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను చూసిన కొండ ఫోటోలన్నిటిలో అంత గంభీరమైనది లేదు. కొస నుంచి మొదలు దాకా గొడుగుకొండ. మీద సన్నటి తెల్లటి చారలు కిందికి దిగుతున్నాయి, అవి మేకలు. కింద మూల మేకు, కొలకర్ర.

"బావుంది" అన్నాను.

"మొదటి ఫోటో ఇలాగే ఉంటాదండీ" అన్నాడు. "ఆ ఖనిజం కొండకి కూడా మొదటిది ఇంత బావుంటాది. దీన్ని ఎక్కడా పెట్టకండి."

పెద్దన్నయ్య ఫోను అప్పటికే వచ్చింది.

"ఏరా, మేకులు కొట్టించావట?"

"ఎవరు చెప్పారు?"

"ఊరంతా చెప్తోంది. కొలతలు కూడా అయిపోయాయంటున్నారు. అమ్మేశావా లేదా, ఒక్క ముక్క చెప్పు."

మాట ఇచ్చినవాణ్ణి మాట మీద ఉన్నావా అని అడగడం మా ఇంట్లో లేదు. "నన్ను ఆ ప్రశ్న అడిగే హక్కు నీకు లేదు" అని ఫోను పెట్టేశాను. ఇవాళ అడిగినా అదే చెబుతాను.

ఈ సంగతి విని ఆయన మర్నాడే వచ్చాడు. టోపీ లేదు. ఆయన నెత్తిని అప్పుడే మొదటిసారి చూశాను. బట్టతల మీద టోపీ పట్టీ గీత ఎర్రగా ఉంది.

"నేను వైజాగ్ వెళ్తాను. మీ అన్నగారితో చెప్తాను. మేకు నాది, అలవాటు చొప్పున కొట్టాను, బాబుగారికి ఏ పాపం తెలీదు అని."

"మా ఇంటి సంగతి బయటివాళ్ళు సర్దక్కర్లేదు" అన్నాను.

"బాబుగారూ, కొండండీ."

"అక్కర్లేదన్నాను కదా."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ, "వెళ్ళనివ్వండి, ఏం పోయింది" అంది. నేను పేపరు తీసుకున్నాను. ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

వైజాగ్ వెళ్ళలేదు, నా మాట కాదనలేక. కాని ఎవరికీ చెప్పకుండా గడ్డపార కొనుక్కుని కొండ దగ్గరికి వెళ్ళాడు. ఆయన పిరికివాడు. రిటైరయ్యాక కొండల వైపు ఒంటరిగా వెళ్ళని మనిషి. మేకు పీకేస్తే ఊరివాళ్ళు చూస్తారని, ఆ కబురు కూడా మేకు కబురులాగే వైజాగ్ దాకా పాకుతుందని ఆయన ఆశ.

తిరిగొచ్చి నా ఎదురుగా, పోస్టరుకి ఎదురుగానే కూర్చున్నాడు. తువ్వాలు వేయడం మా ఆవిడ మర్చిపోయింది. ఆయన అది చూసినట్టు కూడా లేదు.

"పీకారా?" అన్నాను.

"పీకలేదండీ."

"రాలేదా?"

"వచ్చేదే. గడ్డపార ఉంది కదా." మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "తోటంతా మేకులేనండీ. గట్టు మీద, బాట పక్కన, కొండ మీద కూడా. అన్నిటికీ ఎర్రరంగే. చాలాసేపు తిరిగాను. నాది ఏదో నాకే తెలీలేదు."

మా ఆవిడ గోడకి ఆనుకుంది. బయట ప్లాంటు సైరను మోగింది.

ఆ తర్వాత ఆయన ఫోటోలు తీయలేదు. పోటీకి పిలిస్తే కళ్ళు బాగోలేవని చెప్పి పంపేవాడు. సాయంత్రాలు జాముల్ రోడ్డు వైపు నడకకి వెళ్ళేవాడు. అటు కొండలేమీ ఉండవు. కనబడితే ఆగి, "బాగున్నారా బాబుగారూ" అనేవాడు. బాగున్నానని చెప్పేవాణ్ణి. ఆయన నన్నింకేమీ అడగలేదు. అడగాలనుకున్నది ఏమిటో ఇద్దరికీ తెలుసు. అడుగుతాడేమోనని నాకు భయంగా ఉండేది. అందుకని కొన్నాళ్ళకి బజారుకి వేరే వేళకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

ఆయన గడ్డపార పట్టుకుని వెళ్ళేనాటికే మా అన్నయ్యలు ముగ్గురూ నేను ముందే అమ్మేశాననుకుని, తమ వాటాలు కంకరవాళ్ళకి ఇచ్చేస్తూ సంతకాలు పెట్టేశారు. ఆ మేకులు కంకరవాళ్ళవే. కొండ మీదికి వెళ్ళే బాట వాళ్ళ వాటాలో ఉంది. మరుసటి వేసవిలో నా వాటా నేను అమ్మాను, మామిడితోటతో కలిపి.